గోడలకు కట్టిన చీరలు

లాల్‌పేట్‌లో బొగ్గుగనివైపు దారి మలుపు తిరిగాక ఒక ఇల్లు ఉండేది. పొద్దుగూకితే అటు పోయేవాళ్ళు నోరు మూసుకుని పోయేవారు. ఆ ఇంటి ముందుగదిలో ఏ మాట అన్నా, ఎవరో మళ్ళీ అనేవారట... సన్నగా, కీచుగా, వెక్కిరిస్తున్నట్టు. అద్దెకు దిగినవాళ్ళు నెల తిరగకుండానే సామాను ఎత్తుకునేవారు.

అట్లాంటి ఇంట్లోకి సమ్మన్న కోరి దిగాడు.

సమ్మన్నకు తుకుం బజారులో చీరల దుకాణం. బయటి దేశాల సామాన్లు బజార్లలోకి కొత్తగా దిగుతున్న రోజులవి. ఎన్నేళ్ళ కోరికో తీర్చుకుని, నాగపూర్ నుంచి క్యాసెట్లు పాడే డెక్కు, ఆంప్లిఫయరు, నడుమెత్తు స్పీకర్లు రెండు తెచ్చుకున్నాడు. పాత ఇంట్లో పాట పెడితే పక్కవాళ్ళు గోడ బాదేవారు. ఇక్కడ బాదడానికి పక్కిల్లే లేదు. నున్నటి బండలు, సిమెంటు గోడలు, విశాలమైన ఖాళీ గది. ఇంతకన్నా ఏం కావాలి?

మొదటి రాత్రి భజన క్యాసెట్టు పెట్టాడు.

తాళాలు మోగాయి — చెవుల్లో సూదులు దిగినట్టు. పాడే ఆమె ‘స’ అన్న చోటల్లా పాము బుసకొట్టింది. భయపడి టేపు ఆపేశాడు. ఆపాక కూడా... పై మూల నుంచి ఆ కీచుగొంతు ఇంకో క్షణం పాడింది!

భార్య రాజమ్మ పిండి చేతులతోనే వచ్చింది.

“ఏమయ్యా, ఆపినవా?”

“ఆపిన...”

“మరి ఆ పాడేది ఎవరు?”

ట్రెబుల్ అని ఒక నాబ్ ఉంటుంది. సన్న శబ్దాలను పెంచడానికీ తగ్గించడానికీ. సమ్మన్న దాన్ని సున్నాకు తిప్పాడు. పాడే ఆమె నోట్లో గుడ్డ కుక్కినట్టయింది గాని, మూలనున్న ఆమె తగ్గలేదు. స్పీకర్లను ముందుకు జరిపాడు. వాటి మొహాలు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. చివరికి చప్పట్లు కొట్టి అదిలించాడు — గోడలోంచి ఎవరో గబగబా తిరిగి చప్పట్లు కొట్టారు.

“దాని నోరన్న మూయించు,” అంది రాజమ్మ, ట్రంకుపెట్టె ముందుకు లాగుతూ. “లేకుంటే నేను రాజురాకు, మా అవ్వగారింటికి పోత. నువ్వూ ఆమే కూసుండి పాడుకోండ్రి.”

రాజమ్మ అన్నదంటే పోతుంది. ఈ ఇంట్లో, ఆ గొంతుతో, తనొక్కడే... 

మలుపు దగ్గరి ముసలామె ఐలమ్మను అడిగారు. ఆమె వాళ్ళింటి గడప దాటకుండా, బయటి నుంచే చెప్పింది. “ఆడమనిషి, బిడ్డా. చీర పెట్టు. సల్లవడ్తది.”

సమ్మన్న దుకాణంలోంచి మందపాటి ఆకుపచ్చ నూలుచీర తెచ్చి, దండెం కట్టి, కుచ్చిళ్ళుగా గోడ పొడవునా వేలాడదీశాడు. భయంభయంగా పాట పెట్టాడు. తాళాల పదును... కొద్దిగా తగ్గినట్టే ఉంది.

“నచ్చిందయ్యా,” గుసగుసలాడింది రాజమ్మ. “ఇంకోటి పెట్టు.”

పెట్టాడు. తగ్గింది. మళ్ళీ పెట్టాడు. మరింత తగ్గింది. నాలుగు గోడలూ చీరలతో నిండిపోయాయి. గోడలోని ఆమె కూచోవడానికని రాజమ్మ నేలంతా బొంతలు పరిచింది. ఆ రాత్రి ట్రెబుల్ యథాస్థానానికి తిప్పితే, తాళాలు వెండిగిన్నెలో నీళ్ళు పోసినట్టు మోగాయి. వెక్కిరించే గొంతు లేనే లేదు. రాజమ్మ ట్రంకుపెట్టె మంచం కిందికి తోసేసింది.

బొగ్గుదుమ్ము పట్టిందని ఒక ఆదివారం సమ్మన్న చీరలూ బొంతలూ తీసి, వాకిట్లో దులిపాడు. లోపలికి వచ్చి ఊరికే దగ్గాడు. గది తిరిగి దగ్గింది. చీరలు కట్టి, బొంతలు పరిచి మళ్ళీ దగ్గాడు. చప్పుడు లేదు.

అప్పుడర్థమైంది. బంతిని బండకేసి కొడితే ఎగిరి మన మొహం మీదికే వస్తుంది కదా? బొంతకేసి కొడితే అక్కడే పడి ఉంటుంది. శబ్దమూ అంతే. బోసి గోడలు దాన్ని ఒకదాని మీదికొకటి విసురుకుంటాయి. గుడ్డ మింగేస్తుంది, కీచుశబ్దాలనైతే ముందుగా మింగుతుంది.

రాత్రి అన్నం తిని, బొంత మీద కాళ్ళు చాపుకుని భార్యకు విడమరచి చెప్పాడు. “దయ్యం లేదు గియ్యం లేదే, పిచ్చిదానా! గోడలు! రేపు పాత దుప్పట్లు కట్టి, చీరలు దుకాణానికి తీసుకపోత.”

“పెట్టినయి మళ్ళ తీస్కుంటరా?” రాజమ్మ కంగారుపడింది.

“ఎవలు అడుగుతరు?”

కరెంటు పోయింది. ఊరవతలే కరెంటు తయారవుతున్నా, ఊళ్ళో పోవడం మామూలే. డెక్కు ఎర్రదీపం ఆరిపోయింది. చీరలు కదలకుండా వేలాడుతున్నాయి. అప్పుడు — ఎంతో మెత్తగా, బుస లేకుండా, కీచు లేకుండా — గోడవైపు నుంచి ఒక ఆడగొంతు...

“తీసుకపోతే తీసుకపో, సమ్మన్నా. గాని... ఇన్ని చీరలు పెట్టి, ఒక్క జాకెట్ గుడ్డన్న పెట్టకపోతివి.”

 సమ్మన్న చీకట్లో భార్య చేయి దొరకబుచ్చుకున్నాడు. ఆమె నోరు మాత్రం ఊరుకోలేదు.

“ఉత్త చీర ఎవలన్న పెడ్తరా?” పళ్ళ సందున గదిమింది. “దుకాణం నడుపుతున్నవు, సిగ్గు లేదు?” అని గోడవైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగింది. “ఎంత గుడ్డ పడ్తదక్కా నీకు?”

సమ్మన్న గోడవైపే చెవి రిక్కించాడు.

జవాబు గోడవైపు నుంచి రాలేదు. బొంత మీద, వాళ్ళిద్దరి నడుమ నుంచి వచ్చింది —

“మీటరు సాలు.”