ఎర్రగుండు కల్వర్టు

పుంగనూరు నుంచి మదనపల్లెకి వచ్చే దోవలో ఎర్రగుండు కల్వర్టు అని ఒకటుండాది. పొద్దు మునిగినాక ఆడ ఆపమంటే ఆటోవాళ్ళు వినిపించుకోనట్టే పోతారు.

ఆడ పడినోడికి ఒంటిమీద గాయం ఉండదు. లేచి దుమ్ము దులుపుకుంటాడు, బీడీ ముట్టించుకుంటాడు, బాగానే మాట్లాడతాడు... తెల్లారేలోపల మంచం మీద తెల్లగా పాలిపోయి సచ్చిపోతాడు. కడుపులో దూరి నెత్తురు తాగే దెయ్యం ఉండాదని చుట్టుపక్కల పల్లెలోళ్ళు చెప్పుకుంటారు.

దానికి విరుగుడు కూడా వాళ్ళే కనిపెట్టినారు. పడినోడి కడుపుకి పసుపుగుడ్డ బిగించి కట్టల్లంట. వాడు బండెక్కకుండా, వెనక్కి తిరిగి సూడకుండా, నడిచే ఇల్లు చేరల్లంట. అట్లయితే దెయ్యం వెంటరాదంట. నేను మదనపల్లె ఆస్పత్రి క్యాజువాలిటీలో నర్సుని, నా పేరు లిడియా. ఇట్లాంటి మాటలు వింటే నాకు ఒళ్ళు మండుతాది.

మా డాక్టరమ్మ జెమీమాకీ అంతే. కుప్పం పిల్ల, మొండి ఘటం. ఆ రాత్రి పుంగనూరులో క్యాంపు ముగించుకొని కారులో వస్తాంటే, కల్వర్టు కాడ నలుగురు మనుషులు కనబడినారంట. గణేష్ అని, పెండ్లయి ఏడాది కూడా కాలేదు, మండీ నుంచి ఇంటికి పోతా బైకుతో కల్వర్టు గోడకి గుద్దినాడు. హ్యాండిల్ డొక్కలో పొడుచుకుంది. గీరు కూడా పడలేదు. రోడ్డు పక్కన కూర్చోని, ఏం లేదు ఏం లేదు అంటాండాడు. కబురు తెలిసి వచ్చిన వాళ్ళ నాయన చెంగల్రాయుడు పసుపుగుడ్డ బిగిస్తాండాడు.

డాక్టరమ్మ కారు దిగింది. ఫోనుకి తగిలించుకునే చిన్న స్కానింగ్ మిషన్ ఎప్పుడూ ఆమె బ్యాగులోనే ఉంటాది. జెల్లీ పూసి, గణేష్ కుడి డొక్కలో పక్కటెముకల సందున పెట్టింది. దెబ్బ తగిలినోళ్ళకి మేము మొదట సూసేది ఆడనే — కాలేయానికీ కిడ్నీకీ మధ్య. ఆడ నల్లగా కనబడితే నెత్తురు.

ఏమీ కనబడలేదు.

చెంగల్రాయుడు గొంతు తగ్గించి, సూసినావు గదమ్మా, ఇంక మేము నడిపించుకోని పోతాం అన్నాడంట.

ఇంకొకరైతే పంపించేసుందురు. మొదటిసారి కనబడకపోతే నెత్తురు ఇంకా ఆడికి చేరలేదేమో, మళ్ళా సూడండి అని మా అందరి తల తినేస్తాంటాది ఈమె. గణేష్ నాడి పట్టుకొని అట్లనే కూర్చుంది. నాడి పరిగెత్తతాండాది... చెయ్యి చల్లబడతాండాది... వాన్ని పండబెట్టించి, కాళ్ళు ఎత్తి పట్టుకోమని వాళ్ళ నాయనకే చెప్పింది. లోపల నెత్తురుంటే పైకి జారి ఆ సందులో చేరతాది. మళ్ళా అదే చోట పెట్టి, మిషన్‌ని మెల్లిగా అటూ ఇటూ వంచి సూసింది.

వెంట్రుక మందాన నల్లటి గీత — సూస్తాండంగానే లావయింది.

ఫోను చెంగల్రాయుడి ముందర పెట్టింది. "అప్పా, ఇదే మీ దెయ్యం. నడిపిస్తే ఇంకా తాగుతాది."

ఆయన ఆ గీతని సూసినాడు, కొడుకు మొహం సూసినాడు. పసుపుగుడ్డ ముడి ఆయనే విప్పేసినాడు.

గణేష్ బతికినాడు. ఆ రాత్రే కడుపు కోసి, ఎడమ పక్కటెముకల కింద చీలిపోయిన స్ప్లీన్ తీసేసినారు. ఈ కథ మదనపల్లెలో ఎవురినడిగినా చెప్తారు. కానీ ఆ రాత్రి కారెక్కేముందు జరిగింది మాత్రం డాక్టరమ్మ నాకొక్కదానికే చెప్పింది. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి, నోట అబద్ధం రాదు. నాకు భయం అందుకే.

డ్రైవరూ చెంగల్రాయుడూ కలిసి గణేష్‌ని కారులోకి ఎత్తుతాంటే, కల్వర్టు గోడ మీద ఇంకొకాయన కూర్చోనుండాడంట. పెద్దాయన. కడుపుకి పసుపుగుడ్డ కట్టుకోనుండాడు.

"నాకూ ఒకతూరి సూడమ్మా..."

బైకు వెనక కూర్చోని వచ్చినాడేమో అనుకుంది. చొక్కా ఎత్తి మిషన్ పెట్టింది. నలుపు. ఎడమ డొక్కలో పెట్టింది — నలుపు. బొడ్డు కింద — నలుపే. ఇంత నెత్తురు కడుపులోకి కారినాక మనిషి ఎట్ల కూర్చోనుండాడో ఆమెకు అర్థం కాలేదు. గుండె సూద్దామని, రొమ్ముటెముక కింద పెట్టి మిషన్‌ని పైకి వంచింది.

గుండె కనబడింది. నాలుగు గదులూ తేటగా ఉండాయి...

ఒక్కటీ కదలడం లేదు.

మిషన్ చెడిపోయిందనుకుందామంటే, ఆమె మిషన్‌ని వంచినప్పుడల్లా తెరమీద బొమ్మ కూడా మారతాండాది. తలెత్తింది. ఆయన ఆమెనే సూస్తాండాడు.

"ఇంకేమన్నా సెయ్యొచ్చునామ్మా?"

ఆ మాట ఆమెను ఎంతమందో అడిగుంటారు. అందరూ క్యాజువాలిటీ తలుపు బయట నిలబడిన ఇంటోళ్ళే. పోయినోళ్ళు ఎవురూ అడగలేదు. అబద్ధం చెప్దామన్నా నోరు రాలేదంట.

"లేదు తాతా... ఆలస్యమయింది."

ఆయనకి కోపం రాలేదంట. తల ఊపి, కారు దిక్కు సూసినాడు.

"నన్ను ఇంటిదాకా నడిపిచ్చినారమ్మా..." అన్నాడు మెల్లిగా. "బిరీన పో. వాన్ని ఎత్తుకోని పో."