ఎడమ పక్కన ఎన్ని పోయినా

సంకేత విభాగంలోని లెక్కల మాస్టారిని లిఫ్టులోనే కాల్చేశారు. శవాన్ని కిందికి దించకముందే ఏజెంట్ కుందేలుకు పెద్దాయన నుంచి పిలుపొచ్చింది. మారుపేర్లు పెట్టేది పెద్దాయనే. మనిషిని చూసి మరీ పెడతాడు.

“ఖజానా కోడ్ ఒక పెద్ద ప్రధాన సంఖ్య. ఒకటితోనూ, తనతోనూ తప్ప దేనితోనూ భాగం పోదు. ముఠాకి అంతవరకే తెలుసు, ఎన్ని అంకెలో తెలీదు. ఇక నిన్ను పట్టుకుంటారు.”

“నాకా కోడ్ తెలీదు కదా సార్!”

“తెలుసని నేనే పుకారు పుట్టించాను.”

పెద్దాయన బోర్డు మీద రాశాడు: 357686312646216567629137.

“ఇది దొంగ కోడ్. ఇదీ ప్రధాన సంఖ్యే. ఎడమ నుంచి ఒక్కో అంకె తీసేస్తూ పో, మిగిలిందీ ప్రధాన సంఖ్యే. చివరి ఏడు దాకా అంతే. భయమేస్తే నువ్వు మొదలు మర్చిపోతావుగా, మర్చిపో. మధ్యలో తప్పావో, చచ్చావన్నమాటే. ఖజానాలో దీన్లోవి ఎన్ని అంకెలు కొట్టినా తలుపులు మూసుకుపోయి లోపలివాడు ఇరుక్కుంటాడు.”

మర్నాడే ముఠా అతణ్ణి మూతబడిన లాండ్రీకి ఎత్తుకుపోయింది. అక్కడ టైలరింగ్ చేసుకునే అతని అక్క కూడా కుర్చీకి కట్టేసి ఉంది. అది చూశాక అతని పై ప్రాణాలు పైనే పోయాయి.

ఎదురుగా నెమలి. నిన్నటిదాకా ఆఫీసులో అతని పక్క సీట్లో సెంటు గుబాళించిన అందగత్తె. ఆమె పౌడర్ డబ్బీ తెరిచింది. అద్దం కింద చిన్న కీబోర్డు.

“ప్రధాన సంఖ్యయితే పచ్చ లైటు. కాకపోతే మీ అక్కకి తూటా. చెప్పు.”

మొదలు గుర్తురాలేదు.

“ఎ... ఎనిమిది, ఆరు, మూడు, ఒకటి...”

“కల్పిస్తున్నావా?”

“వీడికంత తెలివా!” అంది అక్క. “బడిలో పద్యం అప్పజెప్పమన్నా మొదటి లైను మింగేసేవాడు.”

నెమలి వేళ్లు ఆగాయి. తెలియక అక్క కొంప ముంచేసింది.

“ఊఁ, కానివ్వు” అంది నెమలి.

అతను అక్క ముఖం చూస్తూ చెప్పుకుపోయాడు. ఐదు తర్వాత ఆరా, ఏడా? “ఆరు.” చివరికి ఒకటి, మూడు, ఏడు.

పచ్చ లైటు.

“మొదలు మింగేస్తే పచ్చ లైటు వెలగదులే” అని నవ్వి, ఖజానా దగ్గరున్న తన మనిషికి వైర్‌లెస్‌లో అంకెలు చదివింది.

కాసేపటికి వైర్‌లెస్‌లో కేక: “తలుపులు మూసుకుపోయాయి! ట్రాప్!”

నెమలి తుపాకీ అక్క వైపు తిరిగింది. అక్క రెండు కాళ్లూ ఎత్తి నెమలి మోకాళ్ల మీద తన్నింది. తూటా పైకప్పులో దిగింది. వైర్‌లెస్ సిగ్నల్ పట్టుకుని వచ్చిన పెద్దాయన మనుషులు తలుపు బద్దలుకొట్టారు.

“నీ మీద గురి కుదిరిందోయ్” అన్నాడు పెద్దాయన. “రేపట్నుంచి అసలు కోడ్ నీ దగ్గరే.”

కుందేలు అడిగాడు. “దానికీ ఎడమ పక్క తల తీసేస్తే బతుకుతుందా సార్?”

“బతకదు. నువ్వు మాత్రం బతుకుతావేంటి?”