సిరీన్ సాక్సు విప్పిన రోజు

"సిరీన్! వచ్చావా? ఆ సంచీ అక్కడ పడేసి ఇలా రా తల్లీ!"

పెరట్లోంచి నానమ్మ జొహ్రా పిలుస్తోంది. బడి నుంచి అప్పుడే వచ్చిన సిరీన్ కుంటుకుంటూ వెళ్ళింది. నానమ్మ చూస్తుందేమోనని చివరి నాలుగడుగులు మాత్రం పళ్ళు బిగబట్టి తిన్నగా నడిచింది.

నానమ్మ అంజూర చెట్టు కింద పీట వేసుకుని కూర్చుంది. ఒళ్ళో రెండు పచ్చి కాయలున్నాయి.

"మే నెల్లో ఆ సాక్సులేమిటే? కాళ్ళు ఉడికిపోవూ?"

"అలవాటైపోయింది నానమ్మా."

"ఏం అలవాటో!"

అసలు సంగతి వేరు. చలికాలం నుంచీ సిరీన్ కుడి అరికాల్లో ఒక పులిపిరి ఉంది. ఇంట్లో చెబితే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారు. డాక్టర్లు కత్తితో కోసేస్తారనీ, తన అన్నకి అలాగే కోశారనీ క్లాసులో హైథెమ్ చెప్పాడు. హైథెమ్‌కి అసలు అన్నే లేడని తర్వాత తెలిసింది. అయినా భయం మాత్రం పోలేదు.

అందుకే సొంత వైద్యం మొదలుపెట్టింది. వాళ్ళ ఊరు జెబ్బాలో ఏ పిల్లాడి వేలికి పులిపిరి లేచినా జొహ్రా నానమ్మ దగ్గరికే తీసుకొస్తారు. ఆవిడ పచ్చి అంజూర కాయ తుంచి, కారిన పాలు ఒకే ఒక్క చుక్క అద్దుతుంది. "ఎక్కువైతే కాలుతుంది సుమా" అంటుంది. సిరీన్ రోజుకి మూడుసార్లు, దూది తడిపి మరీ కట్టుకుంది. పులిపిరి పోలేదు. దాని చుట్టూ చర్మం కాలి పుండు పడింది.

నానమ్మ తన పాదం పైకెత్తింది. "ఇక్కడేదో చేతికి గరుగ్గా తగులుతోంది. నా కళ్ళకి ఆనదు. పులిపిరేనా, చూడు."

సిరీన్ వంగి చూసింది. అచ్చం తనదాని లాంటిదే, మధ్యలో నల్లటి చుక్కలతో సహా.

వాళ్ళ బాత్రూం గుమ్మం దగ్గర నీలం రబ్బరు చెప్పులు ఒక్కటే జత. నమాజుకి ముందు కాళ్ళు కడుక్కోవడానికి నానమ్మ రోజుకి ఐదుసార్లు వాటిలోనే కాళ్ళు పెడుతుంది. సిరీన్ కూడా అవే వేసుకుంటుంది. పులిపిర్లు ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకుంటాయని సైన్స్ టీచర్ చెప్పిన మాట ఇప్పుడు గుర్తొచ్చింది.

"పులిపిరే" అంది మెల్లగా.

"అనుకున్నా! మందు మన చెట్టుకే కాస్తుంటే ఇంకేం దిగులు? ఇదిగో, నువ్వే రాయి. కాస్త ఎక్కువే రాయి, ముసలి చర్మం కదా!"

నానమ్మ కాయ తుంచి చేతిలో పెట్టింది. తెల్లటి పాలు సిరీన్ వేళ్ళ మీదికి కారుతున్నాయి.

నానమ్మకి షుగరు. పాదాల్లో స్పర్శ లేదు. కిందటేడు మేకు దిగితే, నేల మీద నెత్తురు చూసి అమ్మ అరిచేదాకా ఆవిడకి తెలియనే లేదు. రెండు నెలలు కట్టుతో మంచం మీదే ఉంది. పుండు మానకపోతే పాదం తీసేయాల్సి వస్తుందని డాక్టర్ అన్న రోజు అమ్మ వంటింట్లో నిలబడి ఏడ్చింది.

తనకి కాలినప్పుడు మంటైనా తెలిసింది. నానమ్మకి అదీ తెలియదు.

"ఏమే, రాయవేం?"

"రాయను."

"ఓహో! నా వైద్యం నాకే చెయ్యవా?"

సిరీన్ కాయ కింద పడేసి, చేతులు కడుక్కుని వచ్చింది. నేల మీద కూర్చుని సాక్సు విప్పింది. ప్లాస్టర్ పీకింది. పాదం నానమ్మ ముందు పెట్టింది.

నానమ్మ దగ్గరికి వంగి చూసింది. ఆవిడ ముఖంలో నవ్వు పోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"చలికాలం నుంచి. అంజూర పాలు నేనే రాసుకున్నా. చాలా రాసుకున్నా. నీకూ నా వల్లే వచ్చింది నానమ్మా, ఆ నీలం చెప్పుల వల్ల..." వెక్కివెక్కి ఏడ్చింది.

"పిచ్చిపిల్లా!" నానమ్మ సిరీన్‌ని ఒళ్ళోకి లాక్కుంది. "ఇంత మంట ఒక్కదానివే భరించావా? నేను ఇంట్లో ఉండగానే?"

మర్నాడు అమ్మ ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

"కత్తి ఎక్కడ?" సిరీన్ గదంతా వెతికింది.

డాక్టరమ్మ నవ్వింది. "ముందు ఈ పుండు మాననీ. తర్వాత పైచర్మం కాస్త గీకి, చల్లటి మందు కొడతాను. చురుక్కుమంటుంది, అబద్ధం చెప్పను. నాలుగైదుసార్లు రావాలి." తర్వాత నానమ్మ వైపు తిరిగింది. "పెద్దమ్మా, మీ పాదానికి చెట్టు మందూ వద్దు, కొట్టు మందూ వద్దు. నేనే చూస్తూ ఉంటాను. ఇంట్లో రోజూ ఎవరైనా చూడాలి. ఎవరు చూస్తారు?"

"నేను" అంది సిరీన్, అమ్మ నోరు తెరిచేలోపే.

ఇప్పుడు బాత్రూం గుమ్మం దగ్గర మూడు జతల చెప్పులున్నాయి. నానమ్మవి ఎర్రవి.

ఒక సాయంత్రం వీధిలోంచి స్నేహితురాళ్ళు కేకేశారు. "సిరీన్! తాడాట మొదలైపోతోంది! వస్తావా, రావా?"

"వస్తున్నా!" అంటూనే సిరీన్ నానమ్మ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. వేళ్ళ సందుల్లో, మడమ మీద, అరికాల్లో చూసింది.

"ఏమీ లేదు కదా? వెళ్ళి ఆడుకో పో" అంది నానమ్మ.

సిరీన్ లేవలేదు. "మడమ దగ్గర చిన్న పగులుంది నానమ్మా. నిన్న లేదు. అమ్మకి చెప్పొస్తా ఉండు."

చెప్పి వచ్చేసరికి నానమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని, చెయ్యి చాపి కూర్చుంది.

"ఇప్పుడు నీది."

సిరీన్ ఆవిడ పక్కన కూర్చుని, సాక్సు లేని పాదాన్ని నానమ్మ ఒళ్ళో పెట్టింది.