పక్కకు తీసిన ముక్కలు

టీనీళ్లు మరిగేసరికి అతను గడ్డం గీసుకోవడం ముగించి, తువ్వాలు భుజాన వేసుకుని, వంటగది గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. చేతిలో అట్టముక్కల కట్ట. ఆమె బీన్స్ తరుగుతోంది.

"లాకోనిక్," అన్నాడు.

"ముక్తసరిగా మాట్లాడే మనిషి."

"గ్యారులస్."

"వాగుడుకాయ."

ముందుగదిలో ఆరిన బట్టలు మడతపెడుతున్న అత్తగారు తల తిప్పింది. "నన్నే పిలిచినట్టుందే?"

అతను నవ్వాడు. ఆమె కూడా, నవ్వాలి కాబట్టి, నవ్వింది. రోజూ పొద్దున్నే జరిగే ఈ పాఠానికి అత్తగారు పేకాట అని పేరు పెట్టింది. ఎవరు గెలుస్తున్నారని అడుగుతుంది. నీ కోడలే అంటాడు కొడుకు. గెలిచినా ఆ మొహం అలాగే ఉంటుందేమిటని ఆవిడ అడగదు.

అతను పనిచేసేది ప్రింటింగ్ ప్రెస్సులో. మందుల పెట్టెలకు అట్టలు కోసే మెషీను అతనిది. కోతలో మిగిలిన ముక్కలను చేతివెడల్పున సరిచేసి, మధ్యాహ్నం భోజనాల వేళ ఒక్కోదాని మీదా ఒక్కో ఇంగ్లీషు మాట రాస్తాడు. కోచింగ్ మాస్టారిచ్చిన జాబితాలోంచే రాస్తాడు. ముక్క వెనక వైపు నీలి గీతో, దగ్గుమందు పేరులో సగమో ఉంటుంది.

ఆర్నెల్ల కిందట ఆ ఇంట్లో పాప పుట్టింది. నెల తిరక్కుండానే పోయింది. గుండెలో లోపమన్నారు డాక్టర్లు, ఎవరి తప్పూ లేదన్నారు. అప్పటినుంచి పాప అన్న మాట ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు. ఎదురింటి పిల్ల ఏడిస్తే అత్తగారు లేచి రేడియో శబ్దం పెంచుతుంది. పక్కింటివాళ్లు పలకరించడానికి వస్తే కరెంటు బిల్లుల గురించి మాట్లాడి పంపిస్తుంది.

ఆమెకు ఏడుపు రాలేదు. రావడం లేదని మాత్రం తెలుస్తూనే ఉంది. పంటి డాక్టరు మత్తు సూది ఇచ్చాక బుగ్గను వేలితో నొక్కి చూసుకున్నట్టు ఉండేది. వేలికి బుగ్గ తగులుతుంది, బుగ్గకి వేలు తగలదు. అలా గోడకేసి చూస్తూ కూర్చున్న రోజుల్లో అతను పీజీ ఎంట్రన్స్ దరఖాస్తు తెచ్చాడు. పెళ్లికి ముందు ఆమె చదవాలనుకున్న చదువే. ఈ ఏడు రాయి, మనసు మళ్లుతుంది అన్నాడు. కాదనడానికి కావలసినంత ఓపిక ఒప్పుకోవడానికి అక్కర్లేదు. ఒప్పుకుంది.

చదువు తేలిగ్గానే వచ్చింది. లోపల చాలా ఖాళీ ఉంది. మాటలు వచ్చి వాటి పాటికి అవి సర్దుకున్నాయి.

ఆ పొద్దున మాటలయ్యాక అతను వాదనల పుస్తకం తీశాడు. "ఒక ఊళ్లో నీళ్ల సరఫరా మీద ఈ ఏడాది ఒక్క ఫిర్యాదూ రాలేదు. కాబట్టి అక్కడి జనానికి ఏ ఇబ్బందీ లేదు. ఈ వాదన పైకి చెప్పకుండా దేన్ని నమ్ముకుంది?"

"ఇబ్బంది ఉన్నవాళ్లు ఊరుకోరని," అంది ఆమె, కత్తి ఆపకుండా.

"కరెక్ట్." అతను టిక్కు పెట్టాడు.

"చెప్పుకున్నా ఒరిగేదేమీ లేదని ఊరుకున్నారేమో పాపం," అంది అత్తగారు, దిండు గలీబు దులుపుతూ.

అతను చొక్కా వేసుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం కోచింగ్ సెంటర్లో నమూనా పరీక్ష పెట్టారు. దిద్దడం అయ్యాక మాస్టారు ఆమెను కూర్చోమని, కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆమె సంగతులేవీ ఆయనకు తెలియవు. వాదనలన్నీ సరిగ్గా రాశారన్నాడు. నాలిక తిరగని మాటలు కూడా పట్టేశారని మెచ్చుకున్నాడు. తర్వాత కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"మీ తప్పులన్నీ ఒకే వీధిలో కాపురం ఉంటున్నాయమ్మా. ఆ వీధిలోకి మీరు అసలు అడుగు పెట్టినట్టు లేదు. ఒక్కటి తప్ప ఇవన్నీ నేనిచ్చిన జాబితాలోవే కదా?"

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ కాగితం చూసింది. ఎలిజీ. పోయినవాళ్ల కోసం రాసే పద్యం. బిరీవ్డ్. తనవాళ్లని పోగొట్టుకున్న మనిషి. సొలేస్. ఊరట. ఎర్రసిరా చుట్టిన మాటల అర్థాలన్నీ మాస్టారు పక్కనే రాసిచ్చాడు. వీటిలో ఒక్కటీ ఏ పొద్దున్నా అతను తనను అడగలేదు. అన్నింటికంటే కింద లాలబై ఉంది. జోలపాట. అది జాబితాలో కూడా లేదు, చిన్నప్పుడే నేర్చుకున్న మాట. ఆ గడిని ఖాళీగా వదిలేసినట్టు కూడా ఆమెకు గుర్తులేదు. కోపం రావాలి కదా అనుకుంది. వస్తుందేమోనని రెండు స్టాపులు దాటేదాకా ఎదురుచూసింది.

ఇంటికి వెళ్లేసరికి అతను ఇస్త్రీ చేస్తున్నాడు. ఆమె కాగితాన్ని చొక్కా మీద పరిచింది. అతను ఇస్త్రీపెట్టెను నిలబెట్టి చదివాడు. చాలాసేపు చదివాడు.

"ఇవి మీ కట్టలో లేవు," అంది ఆమె.

"రాశాను."

"మరి?"

"తీసేశాను." అతను ప్లగ్గు పీకాడు. "పొద్దున్నే నీ మొహం చూసి ఇవెలా అడగను?"

"పరీక్షలో వాళ్లు నా మొహం చూసి అడుగుతారా?"

"పోయేవి నాలుగు మార్కులు. పోతే పోనీ అనుకున్నాను."

"నేను వినలేననా, మీరు పలకలేకనా?"

అతను గోడకు తగిలించిన లంచ్ బ్యాగు పక్క జేబులోంచి రబ్బరు బ్యాండు వేసిన చిన్న కట్ట తీసి ఆమె చేతిలో పెట్టాడు. అంచులు నలిగి మెత్తబడిపోయాయి. రోజూ చూసే ముక్కలకంటే ఇవే ఎక్కువ అరిగాయి.

"బస్సులో తీసి చూస్తుంటాను," అన్నాడు. "చదవగలను. పైకి అనడానికే నోరు రాదు."

ఆమె ఆ ముక్కలను ఒక్కొక్కటే తిప్పి చూస్తూ నిలబడింది. వాటిని ఒక్కడే మోస్తున్నాడని అర్థమైంది. అర్థమవడం తలలోనే ఆగిపోయింది, కిందికి దిగలేదు. తను పాఠం అప్పజెప్పిన ఇన్ని పొద్దుల్లో అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. తన నుంచి ఫిర్యాదులు లేవు కాబట్టి తనకు ఇబ్బంది లేదని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. అతని విషయంలో తనూ అదే అనుకుంది.

స్టూలు లాక్కుని కూర్చుంది. "ఈ పూట నేనడుగుతాను. ఎలిజీ."

అతను గోడకు ఆనుకున్నాడు. "పోయినవాళ్ల మీద పాట."

"సొలేస్."

"ఊరట."

తర్వాతి ముక్క తీసింది. "సూద్."

"ఊరుకోబెట్టడం." అన్నాడు. "ఏడుస్తున్న పాపని భుజానేసుకుని..." కాలర్ ఒక్కటే ఇస్త్రీ అయిన చొక్కాను మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అతని వీపు కదులుతోంది.

ఆమె లేచి ఆ వీపు మీద చెయ్యి వేసింది. చేతికి వెచ్చగా తగిలింది.

"లాలబై అన్న ముక్క మీ కట్టలో లేదు," అంది నెమ్మదిగా. "అది నేనే దాచుకున్నట్టున్నాను."

అత్తగారు ఎప్పుడు వచ్చిందో, గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడకు ఆ భాష రాదు. కొడుకు నోట పాప అన్న మాట విన్నది. చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నేల మీద చతికిలబడింది.

"ఇంకా ముక్కలున్నాయా? నాకూ వెయ్యండి. ఇన్నాళ్లూ మీరిద్దరే ఆడుకున్నారు."

కోడలు ఏం చేయాలో తోచక, కట్టలోంచి ఒక ముక్క తీసి ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, ఒళ్లో పెట్టుకుంది.

"జుట్టు ఎంతుండేదే దానికి," అంది. "తల తుడిచేసరికి తువ్వాలంతా తడిసిపోయేది. చెవి వెనక పుట్టుమచ్చ కూడా ఉండేది. మా అమ్మకున్నట్టే."

"కుడి చెవి," అన్నాడు అతను చొక్కాలోంచి.

"ఎడమ," అంది ఆమె.

"కుడే. నేను ఎత్తుకున్నప్పుడు ఇటువైపు కనపడేది."

"మీరు ఎత్తుకునేదే తిరగేసి. తల ఎటుండాలో కూడా మీకు తెలిసేది కాదు. ఎడమ చెవి. పాలు పట్టేటప్పుడు నాకు అదే కనపడేది. రోజూ చూసినదాన్ని, నాకు చెప్తారేమిటి మీరు?"

గొంతు పెద్దదైంది. నెలల తరబడి ఆ ఇంట్లో వినపడని గొంతు అది. ఆమే ఉలిక్కిపడి ఆగింది. ముందు పెదవి కింద చిన్నగా నొప్పి మొదలైంది, మత్తు విడుతున్నప్పుడు మొదలయ్యేలాంటిది. తర్వాత అత్తగారి చీర మసకగా కనిపించింది. తర్వాత ఏమీ కనిపించలేదు. అత్తగారు ఆమె తలను ఒళ్లోకి లాక్కుంది. ఆ ఒళ్లో ఉన్న అట్టముక్క ఆమె చెంపకు గుచ్చుకుంది. గుచ్చుకున్నట్టు తెలిసింది.

ఎదురింటి పిల్ల ఏడుపు అందుకుంది. ఎవరూ రేడియో పెట్టడానికి లేవలేదు.

"ఫోన్లో ఫోటోలున్నాయిగా," అంది అత్తగారు చివరికి. "తియ్యరా. చూస్తే తేలిపోతుంది."

అతను ఫోను తీసి, ఇన్నాళ్లూ ఎవరూ తెరవని చోట వేలు పెట్టి, ఆగాడు. ఆమె అత్తగారి ఒళ్లోంచి తల ఎత్తి, ముక్కు తుడుచుకుని, అతని పక్కకు జరిగింది.

"తియ్యండి," అంది. "ఎడమే."