పట్టువేరు

2091లో దివిసీమ చివర రోడ్డు రోజుకు రెండుసార్లు సముద్రంలో మునిగి తేలుతుంది. తుపాను కబురు చెప్పడానికి అక్కడి నలభై కుటుంబాలకు రేడియో టవరు ఒక్కటే దిక్కు. దాన్ని అన్ని వైపులా లాగి నిలబెట్టే గై వైర్లకు మాత్రం బురదలో ఆధారం దొరకదు. కాంక్రీటు దిమ్మె వేస్తే వారానికే జరిగిపోతుంది.

అందుకే డాక్టర్ హైమ పట్టువేరును కనిపెట్టింది. ఇది మాట్లాడే యంత్రపు లంగరు. బురదలోకి సన్నటి ఉక్కు పీచులు చాచి, నేల కదిలినప్పుడల్లా పట్టు మార్చుకుంటుంది. ఎప్పుడు బిగించాలో, ఎప్పుడు సడలించాలో లెక్కలకు అందలేదు. దాంతో ఆ విద్యను మనిషి అరచేతి నరాల జ్ఞాపకం నుంచే నేర్చుకునేలా చేసింది. టవరు పనివాళ్లకు ఒక పట్టింపు ఉంది: ఎక్కేవాడే పట్టు నేర్పాలి. ఇంకొకరి చేతిని నమ్మి నూరు మీటర్లు ఎవరు ఎక్కుతారు? కాబట్టి మేస్త్రీ నాంచారయ్య యంత్రపు పలక మీద తన అరచెయ్యి ఆనించి నేర్పాడు.

తుపాను రేపనగా, పెనుగాలి అంత బలంతో వైరును లాగి చూసే పరీక్ష పెట్టారు. పదకొండో నిమిషంలో వైరు వదులైపోయింది.

"నేల జారిందా?" హైమ యంత్రాన్ని అడిగింది.

"లేదు. నేనే వదిలాను. ఇంకా పట్టుకుంటే నేనూ పోతానని అనిపించినప్పుడు వదలాలని ఈ చెయ్యి నేర్పింది."

నాంచారయ్య బురదలోనే చతికిలబడ్డాడు.

"పాత ఉప్పెనలో మా తమ్ముడి చెయ్యి జారిపోయిందని ఊరందరికీ చెప్పానండి. మా మరదలికీ ఇరవయ్యేళ్లుగా అదే చెప్తన్నా. జార్లేదమ్మా. వొదిలేశా."

హైమకు ఒళ్లు మండింది. "ఇన్ని ప్రాణాలు దీని మీదున్నాయి, ముందే చెప్పొద్దూ?" అని కసిరి, తన అరచేతినే పలక మీద ఆనించి పరీక్ష మళ్లీ పెట్టించింది.

రెండో నిమిషంలోనే వైరు వదులైంది. ఆమె ఎవరిని వదిలిందో ఎవరూ అడగలేదు. మిగతా ముగ్గురు పనివాళ్లూ ఒకరి తర్వాత ఒకరు చెయ్యి పెట్టారు. ఎవరిదీ ఐదు నిమిషాలు దాటలేదు. ఆ తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

"వదలని చెయ్యి ఎక్కడైనా ఉందా?" అని యంత్రాన్నే అడిగింది హైమ.

"ఇప్పటివరకు నా దగ్గరికి రాలేదు," అంది యంత్రం. "అందరికంటే ఎక్కువసేపు పట్టుకున్నది మొదటి చెయ్యే."

నాంచారయ్య తన అరచేతిని చూసుకున్నాడు. క్షణంలో వదిలేశాననే ఇన్నేళ్లూ కుమిలిపోయాడు. ఆ రోజు తమ్ముణ్ణి పదకొండు నిమిషాలు పట్టుకున్నాడన్నది అతనికే తెలియదు. తెలిశాక కూడా భారం దిగలేదు.

"నా చేతి పట్టే ఎయ్యండమ్మా," అన్నాడు లేచి. "ఎక్కి ఏంటెనా కట్టేది నేనేగా. ఆ పదకొండు నిమిషాల్లో పెనుగాలి తగ్గితే ఊరు బతుకుద్ది. తగ్గకపోతే ఏమవుద్దో ఇరవయ్యేళ్లుగా రోజూ చూస్తానే ఉన్నా."