వెన్ను కోసిన వంటల పుస్తకం

జూడ్ ఫెబీతో మొదటిసారి మాట్లాడింది చర్చి వంటగదిలో. అదీ పోట్లాట.

సెప్టెంబరు మొదటి ఆదివారం. ఫార్మింగ్టన్ హిల్స్‌లోని తెలుగు సంఘంలో ఆరాధన అయ్యాక భోజనాలుంటాయి. ఆ వారం వంట వంతు ఫెబీ వాళ్ల అమ్మ లూసీ ఆంటీది. గిన్నెలు మోయడానికి ఒక మనిషి కావాలంటే జూడ్ లేచాడు. కార్ల బ్రేకులు టెస్ట్ చేసే కంపెనీలో ఇంజినీరు. భీమవరం వాడు. మిషిగన్ వచ్చి మూడేళ్లు.

వంటగదిలో గట్టు మీద ఒక పుస్తకం తెరిచి ఉంది. దానికి అట్ట లేదు. ముందు పేజీలు లేవు. ఉన్న పేజీల మీద నూనె మరకలు.

"ఇంకా పుస్తకం చూసి వండుతున్నారా?" అన్నాడు.

వంకాయలు కోస్తున్న అమ్మాయి తలెత్తింది. "మీరు దేన్ని చూసి వండుతారు?"

"టాబ్లెట్. సెర్చ్ కొడితే రెండు సెకన్లు."

"పందెమా?"

"పందెమే."

"అయితే గుత్తి వంకాయ. కొట్టండి."

జూడ్ బ్యాగ్‌లోంచి టాబ్లెట్ తీసి కొట్టాడు. నలభై రెసిపీలు వచ్చాయి. మొదటిది నొక్కితే రాసినావిడ చిన్ననాటి కబుర్లు వచ్చాయి. కిందికి జరిపితే పరుపుల యాడ్ వచ్చింది. ఇంకా జరిపితే ఈమెయిల్ ఇవ్వమంది.

ఈలోగా ఫెబీ పుస్తకం మూసి, వెన్ను మీద నిలబెట్టి, చేతులు వదిలేసింది. పుస్తకం దానంతటదే తెరుచుకుంది. గుత్తి వంకాయ.

"ఇది చీటింగ్. ఎప్పుడూ ఆ పేజీయే తీస్తారు కాబట్టి తెరుచుకుంది."

"మా ఇంట్లో దాన్నే సెర్చ్ అంటారు."

పందెం ఓడినందుకు నువ్వుల ముద్ద కలపమంది. కలుపుతుండగా టాబ్లెట్ తెర ఆరిపోయింది.

"మీ రెసిపీ నిద్రపోయింది. లేపండి," అంది ఫెబీ.

జూడ్ మోచేత్తో లేపబోయాడు. తెర మీద పరుపుల కంపెనీ తెరుచుకుంది. ఫెబీ నవ్వింది. వేళ్లకి కారం ఉందేమో, మణికట్టు అడ్డం పెట్టుకుని నవ్వింది. అది చూశాక ఓడినందుకు జూడ్‌కి బాధ లేదు. అయినా ఊరుకోలేదు.

"కొబ్బరి మిగిలింది కదా. దాంతో ఏమేం చేయొచ్చో మీ పుస్తకాన్ని అడగండి చూద్దాం."

ఫెబీ నాలుగు నిమిషాలు పేజీలు తిప్పింది. దొరకలేదు. లూసీ ఆంటీ వచ్చి కూతురి చేతిలోంచి పుస్తకం తీసుకుంది.

"దొరకదే. విషయసూచిక ముందు పేజీలతోపాటే ఊడిపోయింది. ఎప్పుడూ చేసేవైతే వాటంతటవే తెరుచుకుంటాయి. మిగతావి ఎక్కడున్నాయో నాకూ తెలీదు."

కాకినాడలో వాళ్ల సంఘం స్త్రీల సమాజం అచ్చు వేయించిన పుస్తకం అది. ఇరవై ఆరేళ్ల కిందట సూట్‌కేసులో తెచ్చుకుంది. ఇంకో ప్రతి ఎవరి దగ్గరా లేదు.

"నాకివ్వండి ఆంటీ. స్కాన్ చేసి, ఇండెక్స్ పెట్టి, అందరి ఫోన్లకీ పంపిస్తా. వారంలో తెచ్చిస్తా."

లూసీ ఆంటీ పుస్తకాన్ని కొంగుతో తుడిచి ఇచ్చింది. "జాగ్రత్త బాబూ," అంది.

*

మూడు వందల పన్నెండు పేజీలు. మొదటి రోజు ఇంట్లో పుస్తకాన్ని స్కానర్ గాజు మీద బోర్లించి ఇరవై పేజీలు చేశాడు. మధ్యలో నీడ పడింది, అక్షరాలు వంగాయి. ఆఫీస్‌లో ఉన్న స్కానర్ నిమిషానికి యాభై కాగితాలు మింగుతుంది. కానీ దానికి విడి కాగితాలు కావాలి.

ప్రింట్ షాప్‌కి తీసుకెళ్లాడు. కౌంటర్‌లో కుర్రాడు అడిగాడు, ఒకసారి కోస్తే మళ్లీ అతకదు, పర్లేదా అని. పర్లేదన్నాడు జూడ్. తర్వాత స్పైరల్ వేయిద్దాం అనుకున్నాడు. ఫోన్ చేసి అడుగుదామని మాత్రం అనుకోలేదు. కత్తి ఒక్కసారి దిగింది. అర వేలు వెడల్పు ముక్క బుట్టలో పడింది.

ఇండెక్స్ కోసం పేజీలు తిప్పుతుంటే నలభయ్యో పేజీ దగ్గర కనిపించింది. పెన్సిల్ రాత. లోపలి అంచున, కుట్టు పక్కన రాసుకుంది లూసీ ఆంటీ. బయటి అంచులు మరకలవుతాయని కాబోలు. కుడి పేజీల్లో మాటల మొదళ్లు తెగాయి, ఎడమ పేజీల్లో చివర్లు తెగాయి. '...బీ మొదటి పుట్టినరోజుకి.' '...రాజు గారికి నచ్చలేదు.' 'ఉప్పు సగం చాలు, ఇక్కడి...' ఇక్కడి ఏమిటో బుట్టలో పడింది.

షాప్‌కి ఫోన్ చేశాడు. చెత్త పొద్దున్నే వెళ్లిపోయిందన్నారు.

స్కాన్ చేసిన ఫైల్ చూశాడు. అందులో పెన్సిల్ రాతలు అసలే లేవు. మరకలు తీసేయమని సాఫ్ట్‌వేర్‌కి ముందే చెప్పాడు. అది పెన్సిల్‌ని కూడా మరక కిందే లెక్కేసింది.

ఆ ఆప్షన్ తీసేసి మళ్లీ స్కాన్ చేస్తే పది నిమిషాల పని. కానీ పెన్సిల్ కనిపిస్తే కోత కూడా కనిపిస్తుంది. జూడ్ కుర్చీలో కూర్చుని ఆ సంగతి ఆలోచించాడు. మళ్లీ స్కాన్ చేయలేదు. ఫైల్ అలాగే పంపించాడు.

తర్వాతి రోజుల్లో ఎన్ని గుర్తొచ్చినా, అతనికి తల దించుకోవాలనిపించింది మాత్రం ఆ పది నిమిషాల దగ్గరే.

*

ఫైల్ అందరికీ నచ్చింది. లూసీ ఆంటీ ఫోన్ చేసింది. "కొబ్బరివి పదకొండున్నాయట బాబూ! నాకు మూడే తెలుసు." పాస్టర్ గారు ప్రకటనల్లో జూడ్ పేరు చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలోంచి ఫెబీ వెనక్కి తిరిగి చూసింది. జూడ్ పాటల పుస్తకంలో ఏదో వెతుక్కున్నాడు.

ఆ సాయంత్రమే ఆమె ఫోన్ చేసింది. "పుస్తకం ఎప్పుడిస్తారు?"

"కొన్ని పేజీలు మళ్లీ చూడాలండీ. వచ్చే వారం."

పై ఆదివారం ఆఫీస్‌లో మర్చిపోయానన్నాడు. ఆ పై ఆదివారం జ్వరమన్నాడు. నిజంగానే ఒళ్లు వేడిగా ఉంది, సిగ్గుతో.

"జ్వరమా? టాబ్లెట్ వేసుకున్నారా, సెర్చ్ కొట్టారా?" అంది ఫెబీ. ఆమె హాస్పిటల్‌లో ఫార్మసిస్టు.

పుస్తకం గురించి మొదలైన ఫోన్ పుస్తకంతో ఆగేది కాదు. ఆమె డ్యూటీ, అతని మేనేజరు, భీమవరంలో వాన, ఇక్కడి వాన. నలభై నిమిషాలు, ఒకసారి గంట. అక్టోబరు చివరికి మీరు పోయి నువ్వు వచ్చింది. ఫోన్ మోగితే జూడ్‌కి ప్రాణం లేచొచ్చేది. పెట్టేశాక మంచం కింద కోసిన పేజీలున్న అట్టపెట్టె గుర్తొచ్చి అన్నం సహించేది కాదు. స్పైరల్ వేయిద్దామని ఒకసారి పెట్టె తీశాడు. చిల్లులు కొడితే మిగిలిన అక్షరాలు కూడా పోతాయి. మళ్లీ మంచం కిందికి తోశాడు.

*

నవంబరులో కోతకాలపు పండుగ. ఎవరి చేతిలో ఏముంటే అది దేవుడికని తెస్తారు. గుమ్మడికాయలు, పచ్చళ్లు, పిండివంటలు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. లూసీ ఆంటీ మైదాతో వండే గులాబీ పువ్వుల కోసం ఏటా పోటీ పడతారు. ఆవిడ ఏడాదికి ఒక్కసారే, ఈ పండక్కే చేస్తుంది. ఈసారి ఫైల్ ఉంది కదా, అందరం కలిసి చేద్దామని శనివారం మధ్యాహ్నం ఐదుగురు ఆడవాళ్లు చర్చి వంటగదిలో చేరారు. నూనె డబ్బాలు మోయడానికి జూడ్‌ని పిలిచారు.

ఫైల్లో ఉన్నట్టే కలిపారు. అచ్చు వేడి చేసి పిండిలో ముంచితే పిండి పట్టలేదు. పట్టిన కాస్తా నూనెలో చెదిరిపోయింది. రెండో వాయి అంతే. ఐదో వాయి అంతే.

"ఇవి గులాబీలు కాదమ్మా, రాలిన రేకులు," అంది ఎలీనా ఆంటీ.

లూసీ ఆంటీ కళ్లద్దాలు పెట్టుకుని ఫోన్‌లో పేజీ చూసింది. పెద్దది చేసి చూసింది. "ఇక్కడి పిండికీ, ఇక్కడి డబ్బా పాలకీ కొలత మార్చి రాసుకున్నాను. ఏడాదికోసారి చేసేది, గుర్తుండదని. నా రాతలు ఇందులో లేవేంటి బాబూ?"

జూడ్ నూనె డబ్బా కింద పెట్టాడు.

"పోనీలే. పుస్తకం తెచ్చిపెట్టు."

"ఇంట్లో ఉంది ఆంటీ," అని బయటికి నడిచాడు.

పార్కింగ్ లాట్‌లో వాన పడుతోంది. ఫెబీ గొడుగుతో వెనకే వచ్చింది. "ఏమైంది నీకు? నూనె నువ్వు తాగినట్టున్నావ్."

"కోశాను," అన్నాడు.

"ఏంటి?"

"పుస్తకం. వెన్ను కోయించి స్కానర్‌లో వేశాను. మీ అమ్మ రాసుకున్నవి సగం సగం తెగిపోయాయి. ఆ ముక్కలు చెత్తలో పోయాయి. సెప్టెంబరులోనే."

ఫెబీ గొడుగు తన వైపు లాక్కుంది. వాన జూడ్ మీద పడింది.

"ఆఫీస్‌లో మర్చిపోయానన్నావ్."

"అబద్ధం."

"జ్వరం?"

"అదీ."

"పది వారాలు."

"రేపు సాక్ష్యం టైంలో లేచి చెప్తాను. మైకులో, అందరి ముందూ ఒప్పుకుంటాను."

"వద్దు." ఆమె గొంతు పెరగలేదు. "మైకులో చెప్తే వంద మంది ఆమెన్ అంటారు. మా అమ్మ కూడా అనాలి. ఆవిడకి కోప్పడే చాన్స్ కూడా లేకుండా చేస్తావా? ముందు ఆవిడకి చెప్పు. ఇప్పుడే. పెట్టె తీసుకుని రా."

అపార్ట్‌మెంట్‌కి పదకొండు నిమిషాలు. వెళ్లడానికీ రావడానికీ జూడ్ అంతే టైం తీసుకున్నాడు. దారిలో మంచి మాట ఒకటి కూర్చుకోవాలని చూశాడు, కుదరలేదు. తడి జుట్టుతో వంటగదిలోకి వచ్చి పెట్టె లూసీ ఆంటీ ముందు పెట్టాడు.

"కోసేశాను ఆంటీ. మిమ్మల్ని అడగలేదు. మీ రాతలు తెగాయి. కోత కనిపించకూడదనే ఫైల్లో చెరిగినవి చెరిగినట్టే వదిలేశాను. ఇన్నాళ్లూ అబద్ధం చెప్పాను."

పొయ్యి దగ్గరున్న నలుగురూ గరిటెలు ఆపారు. లూసీ ఆంటీ చేతులు కడుక్కుని తుడుచుకుంది. మూత తీసింది. అలవాటుగా కట్టను వెన్ను మీద నిలబెట్టబోయింది. కాగితాలు గట్టు మీద జారాయి. ఎక్కడ తీయాలో తెలియక చేతులు ఆగిపోయాయి.

"నూట ఎనభై ఏడు, ఆంటీ," అన్నాడు జూడ్. ఆ పేజీ తనకి తెలిసి, ఆవిడకి తెలియకపోవడం అతనికి దెబ్బలా తగిలింది.

ఆవిడ ఆ పేజీ వెతికి తీసింది. '...బ్బా పాలైతే నీళ్లు వద్దు.' కింద, '...గ్లాసుల మైదాకి రెండు గుడ్లు.'

"ఎన్ని గ్లాసులో పోయింది," అంది.

"సారీ ఆంటీ."

"నీకు నోరు లేదా బాబూ? ఒక్క ఫోన్. 'ఆంటీ, కోయనా' అని ఒక్క మాట. వద్దంటాననేగా అడగలేదు?"

"అడగాలనే తోచలేదు."

"అది ఇంకా అన్యాయం," అంది లూసీ ఆంటీ. పేజీ పక్కన పెట్టి, కొత్త గిన్నె తీసుకుని, నీళ్లు లేకుండా పిండి కలపడం మొదలుపెట్టింది. గరిటెతో ఎత్తి జార్చి చూసింది. ఒకసారి మైదా వేసింది, ఒకసారి పాలు పోసింది. నాలుగో వాయికి పువ్వు అచ్చు వదిలి నూనెలో తేలింది.

"రెండున్నర," అంది ఎవరికీ కాకుండా. ఆ తర్వాత జూడ్ వైపు చూసింది. "ప్రతి శనివారం ఇంటికి రా. ఏ పేజీలో ఏం తెగిందో గుర్తొచ్చినంత చెప్తా, రాయి. గుర్తురానివి పోయినట్టే. అవి నీ ఖాతాలో ఉంటాయి. తెలుగు రాయడం వచ్చా?"

"ఇంగ్లీష్ మీడియం, ఆంటీ. ఒత్తులు తప్పుతాయి."

"ఫెబీ దిద్దుతుంది."

*

వాన తగ్గింది. జూడ్ ఖాళీ నూనె డబ్బాలు బయట పెట్టి, వెనక మెట్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి ఫెబీ వచ్చి రెండు మెట్లు పైన కూర్చుంది. కోపం పోలేదని ఆ రెండు మెట్లే చెప్తున్నాయి.

"ఇంకొకటి ఒప్పుకోవాలి," అన్నాడు జూడ్ వెనక్కి తిరగకుండా. "భయం ఒక్కటే అయితే రెండో వారంలోనే చెప్పేసేవాణ్ని. పుస్తకం ఇచ్చేస్తే నువ్వు ఫోన్ చేయవనిపించింది. నువ్వంటే ఇష్టం. దానికోసం మీ అమ్మ పుస్తకాన్ని మంచం కింద దాచాను. తల్చుకుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది."

ఫెబీ ముందుకి వంగింది.

"మీ అపార్ట్‌మెంట్ మా ఇంటికి ఎంత దూరం?"

"పన్నెండు నిమిషాలు."

"పది వారాల్లో ఒక్కసారైనా, నేనే వచ్చి తీసుకెళ్తానన్నానా?"

జూడ్ వెనక్కి తిరిగాడు.

"అనలేదు," అంది ఫెబీ. "అమ్మ అడిగినప్పుడల్లా, వచ్చే వారం ఇస్తాడట అని నేనే చెప్పేదాన్ని. నీ గొంతులో ఏదో తేడా ఉందని తెలుస్తూనే ఉంది. వచ్చి చూసుంటే సెప్టెంబరులోనే తెలిసేది. నాకూ సిగ్గుగానే ఉంది. నీ అంత కాదు."

"నా అంత ఎవరికీ ఉండదు."

ఆమె మణికట్టు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి రెండు మెట్లూ దిగి పక్కన కూర్చుంది.

"కోపం మాత్రం ఉంది. కొన్ని శనివారాలు ఉంటుంది," అంది.

"ఉండనీ."

"మరి మన సంగతి మా అమ్మకి ఎవరు చెప్తారు?"

లోపల అచ్చు మళ్లీ నూనెలో దిగిన చప్పుడైంది. జూడ్ లేచాడు. ప్యాంటు దులుపుకున్నాడు. ఆమె పంపేదాకా ఆగకుండా వంటగది తలుపు తీసుకుని లోపలికి వెళ్లాడు.