తప్పుల్లేని ఉత్తరం

బుధవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు.

ఎస్సై ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి లైబ్రేరియన్ టేబుల్ మీద పెట్టాడు. అందులో ఒక కాగితం. నోట్‌బుక్‌లోంచి చింపింది. పెన్సిల్ రాత.

"ఈ చేతిరాత ఎవరిదో చెప్పగలరా మేడమ్?"

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చదివింది.

"నేను వెళ్ళిపోతున్నాను. నన్ను ఎవరూ వెతకవద్దు. ఇన్నేళ్ళూ ఈ ఇంటి గోడలకు తప్ప నా మాట ఎవరికీ వినిపించలేదు. ఈ నిర్ణయానికి బాధ్యత పూర్తిగా నాదే."

ఆలోచించనక్కర్లేదు. పక్కకి వాలిపోయే ఆ తలకట్లు, గింజంత చిన్న సున్నాలు ఆవిడకు కంఠతా వచ్చు.

"చెల్లెమ్మ అనే అమ్మాయిది. లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. సాయంత్రాలు ఇక్కడ నా దగ్గర చదువుకుంటోంది. ఏమైంది తనకి?"

"సోమవారం సాయంత్రం నుంచి కనబడటం లేదు. అయిదూ నలభైకి లాండ్రీలోంచి వెళ్ళిందని యజమాని చెప్పాడు. నిన్న మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఈ ఉత్తరం ఇంటి తలుపు కింద దొరికింది. ఆడపడుచు చూసింది."

"సోమవారం క్లాసుకి కూడా రాలేదు," అంది ఆవిడ. "ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను."

"అంటే కావాలనే వెళ్ళిపోయిందన్నమాట. మీరు గట్టిగా చెప్తున్నారు కదా? ఆమె రాతే?"

"ఆమె రాతే."

ఎస్సై ఊపిరి వదిలాడు. ఆవిడ చెప్పిన మాట కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకున్నాడు.

గుమ్మం దగ్గర చెల్లెమ్మ భర్త నిలబడి ఉన్నాడు. లారీ డ్రైవర్. మంగళవారం పొద్దున్నే ట్రిప్పు నుంచి తిరిగొచ్చాడు. గడ్డం మాసి ఉంది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"మా ఆవిడకి రాయడమే రాదమ్మా," అన్నాడు. "వేలిముద్రే వేస్తుంది. ఎవరో రాశారు ఇది."

"వచ్చు బాబూ. ఏడాదిన్నరగా నేర్చుకుంటోంది. నీకు చెప్పొద్దంది. ఒకరోజు ఉన్నట్టుండి ఉత్తరం రాసి నీ చేతికిచ్చి నవ్వించాలని."

అతను ఆవిడ మొహంలోకి అలాగే చూశాడు. మెట్ల మీద కూలబడ్డాడు.

తన నోటితోనే అతని ఆశ తెంపేసినట్టయింది ఆవిడకి.

*

గురువారం మధ్యాహ్నం రెండున్నర.

లైబ్రరీలో ముగ్గురే పాఠకులు. ఇద్దరు పేపర్లు చదువుతున్నారు, ఒకాయన పేపరు మీద పడి నిద్రపోతున్నాడు. లైబ్రేరియన్ పోయిన వారం క్లాసు కాగితాలు దిద్దుతోంది. వయసు యాభై ఏడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే కుర్చీ.

నాలుగో కాగితం చెల్లెమ్మది. "నా రోజు" అని సొంతంగా రాయమన్న అయిదు వాక్యాలు.

"పొదున ఆరు గంటలకు లేసాను. వాన వసే చీరలు ఆరవు. మా ఆయన లారీ తోలుతునాడు."

పెన్సిల్‌తో 'ద' కింద ఒక వత్తు పెట్టింది. 'స' కింద ఇంకొకటి. 'న' కింద మూడోది పెట్టబోయి ఆగిపోయింది.

వెళ్ళిపోతున్నాను. నిర్ణయానికి. బాధ్యత.

ఆ ఉత్తరంలో ఒక్క తప్పు లేదు.

సొంతంగా రాస్తే చెల్లెమ్మ వత్తులన్నీ ఎగిరిపోతాయి. ఎన్నిసార్లు చెప్పినా అంతే. తప్పు రాకుండా ఆమె రాసేది ఒక్కటే సందర్భంలో. చూసి రాసినప్పుడు.

ఆవిడ లేచింది. మూడో బీరువా, కింది అర. అట్టలు ఊడిపోతే తానే గోధుమరంగు అట్ట వేసిన పాత నవల. క్లాసయ్యాక చెల్లెమ్మ రోజూ ఇందులోంచి పది లైన్లు నోట్‌బుక్‌లో ఎక్కించుకునేది. ఆపిన చోట పెన్సిల్‌తో చుక్క పెట్టేది. ఇంకెవరైనా పుస్తకం మీద గీత గీస్తే లైబ్రేరియన్ ఊరుకోదు. ఈ చుక్కల్ని మాత్రం చూసీచూడనట్టు వదిలేసింది.

చుక్కల వెంట పేజీలు తిప్పింది. నూట నలభై మూడో పేజీ.

"నేను వెళ్ళిపోతున్నాను. నన్ను ఎవరూ వెతకవద్దు..."

అక్షరం పొల్లు పోలేదు. "బాధ్యత పూర్తిగా నాదే" తర్వాత పుస్తకంలో ఇంకో వాక్యం ఉంది. "అని రాసి ఆమె కలం మూసింది." ఉత్తరానికి ముందొక చుక్క, ఈ వాక్యం తర్వాత ఇంకో చుక్క.

ఎవరో సరిగ్గా ఆ వాక్యం పైన కాగితం చింపేశారు.

గోడ గడియారం వైపు చూసింది. తాను సంతకం పెట్టి ఇరవై ఎనిమిది గంటలు దాటింది. అంతసేపూ చెల్లెమ్మ కోసం ఒక్క మనిషి వెతకలేదు.

పుస్తకం చంకలో పెట్టుకుని, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా బయటపడింది.

*

మూడూ అయిదుకి పోలీస్ స్టేషన్.

ఎస్సై రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. గడ్డం గోక్కున్నాడు.

"చూసి రాసిందే, ఒప్పుకుంటాను. కానీ మేడమ్, ఆ మాటలు మనసుకి నచ్చి, ఆ పేజీయే చింపి పెట్టి వెళ్ళి ఉండొచ్చుగా?"

"ఉత్తరం ఎక్కడ దొరికింది?"

"తలుపు కింద."

"ఇంట్లో మనిషి ఇల్లు వదిలి పోతే ఉత్తరం లోపల పెట్టి పోతుంది. బయట నిలబడి తలుపు కింద తోస్తుందా?"

ఎస్సై కవరు దగ్గరికి లాక్కుని మళ్ళీ చూశాడు.

"ఒకసారి ఆ కాగితం నా చేతికివ్వండి. కవరులోంచి తీసి."

అతను చేతి తొడుగులిచ్చాడు. ఆవిడ కాగితం అంచు కిటికీ వెలుతురుకి పట్టింది. కింది మూల నుంచి పైకి లేత గోధుమరంగు చార ఒకటి వంకరగా పాకి ఉంది.

"ఇది నీళ్ళలో తడిసింది," అంది నెమ్మదిగా.

"పెన్సిల్ కాబట్టి రాత చెదరలేదు. అయితే?"

"రెండేళ్ళ క్రితం లైబ్రరీ కప్పు కారి నాలుగు వందల పుస్తకాలు తడిశాయి. ఇటుకలు పెట్టి నొక్కాను. నెల్లాళ్ళు నొక్కాను. తడిసిన కాగితం ఎండినా అలలు అలలుగానే ఉంటుంది సార్. ఇది చూడండి. కొత్త నోటులా సాపుగా ఉంది. నిన్న చేతిలో పట్టుకుని కూడా నాకు తట్టలేదు."

"ఎలా వస్తుంది అలా?"

"వేడి ఇస్త్రీ పెట్టె పెడితే."

ఎస్సై కుర్చీలోంచి లేచాడు.

జిల్లాలోని ఆసుపత్రులన్నిటికీ మెసేజ్ వెళ్ళింది. సాయంత్రం ఆరున్నరకి డెబ్బై కిలోమీటర్ల దూరంలోని పెద్దాసుపత్రి నుంచి ఫోనొచ్చింది. సోమవారం రాత్రి హైవే పక్కన పడి ఉన్న స్త్రీని పాలవ్యాను వాళ్ళు చేర్చారు. పేరు తెలియదు. వయసు ముప్ఫై అయిదు లోపు. దవడ విరిగింది. తలకి దెబ్బ. స్పృహ లేదు. కుడి అరచేతిలో కాలిన పాత మచ్చ.

"అది ఇస్త్రీ పెట్టె మచ్చ," అంది లైబ్రేరియన్. "నాకు చూపించింది."

భర్తని కానిస్టేబుల్‌తో జీపులో పంపేశారు. ఈ సంగతి ఊళ్ళో ఎవరి చెవినా పడకూడదన్నాడు ఎస్సై.

*

శుక్రవారం పదకొండు గంటలు. లైబ్రరీ తలుపులకి "ఈ రోజు సెలవు" బోర్డు.

రీడింగ్ రూమ్‌లో నలుగురే ఉన్నారు. ఎస్సై, లైబ్రేరియన్, చెల్లెమ్మ ఆడపడుచు, లాండ్రీ యజమాని. సాక్షి సంతకం కావాలని కబురు పెడితే యజమాని వచ్చాడు. మడత నలగని తెల్లచొక్కా. మొహంలో ఏ కంగారూ లేదు.

ఆడపడుచు మాత్రం నిప్పులు కక్కుతోంది.

"రాత్రి నుంచి మా తమ్ముణ్ణి ఎక్కడ పెట్టారు? మాట్లాడరేం? వాడు చీమకి కూడా హాని చెయ్యడు!"

"పాపం, ఆ మనిషి మంచివాడే," అన్నాడు యజమాని. "కోపంలో ఏం చేశాడో ఏమో."

"ఒక్క మాట చెప్పమ్మా," అని ఆడపడుచు వైపు తిరిగింది లైబ్రేరియన్. "మీ ఇంట్లో ఇస్త్రీ పెట్టె ఉందా?"

"అదెందుకిప్పుడు? లేదు. రోజంతా అదే పని చేసొచ్చి ఇంట్లో కూడానా? తమ్ముడి చొక్కాలు మడతపెట్టి పరుపు కింద పడేస్తుంది."

"మరదలు రాయడం నేర్చుకుందని తెలుసా?"

"ఈ ఉత్తరం వచ్చాకే తెలిసింది. నాకు చెప్తే నేనేమన్నా మింగేస్తానా?"

లైబ్రేరియన్ నవల తెరిచి నూట నలభై మూడో పేజీ చదివింది. వత్తుల సంగతి చెప్పింది. తడిసిన మూల చూపించింది. సాపుగా ఉన్న కాగితం చూపించింది.

యజమాని చిరునవ్వు నవ్వాడు. "ఊళ్ళో ఇస్త్రీ పెట్టెలు వందుంటాయి మేడమ్ గారూ."

"ఉంటాయి. నోట్‌బుక్ ఒక్కటే. అది ఇంట్లో పెడితే తెలిసిపోతుందని చెల్లెమ్మ మీ లాండ్రీలోనే దాచుకునేది. దుప్పట్ల మూటల వెనక. నాతో చెప్పింది."

"నా దగ్గర ఇంకా ఇద్దరు ఆడవాళ్ళు పనిచేస్తున్నారు. వాళ్ళనీ అడగండి."

"అడిగాను. ఇద్దరికీ చదువు రాదు. ఆ నోట్‌బుక్‌లో నలభై పేజీలు నిండాయి. వర్షం గురించి, పెళ్ళి గురించి, పొలం గురించి. నలభైలోంచి సరిగ్గా ఈ పేజీ తీయాలంటే, సరిగ్గా ఈ వాక్యం దగ్గర చింపాలంటే, చదవడం రావాలి. మీ లాండ్రీలో చదవడం వచ్చినవాళ్ళు ఇద్దరే. ఒకరు మీరు. రెండో మనిషి ఆసుపత్రిలో ఉంది."

యజమాని కుర్చీలోంచి సగం లేచాడు.

"బతికే ఉందా?"

ఎస్సై ముందుకి వంగాడు. "చచ్చిపోయిందని మీకెవరు చెప్పారు?"

"అది కాదు సార్... నేనన్నది..."

"మీ వ్యాను వెనకసీటు కడిగించారు. మంగళవారం పొద్దున ఏడింటికి. కడిగినవాడు చెప్పాడు. ఎందుకు?"

యజమాని ఎస్సైని చూడలేదు. లైబ్రేరియన్ని చూశాడు. ఆ చూపులో ఇంతసేపూ ఉన్న మర్యాద ఊడిపోయింది.

"ఏరి కోరి చదువు రానివాళ్ళనే పెట్టుకున్నాను. నిన్నెవరు నేర్పమన్నారు? నువ్వు నేర్పకపోతే అది ఈపాటికి హాయిగా ఇస్త్రీ చేసుకుంటూ ఉండేది."

ఆడపడుచు కుర్చీ తన్నేసి అతని మీదికి ఉరికింది. ఎస్సై అడ్డంపడ్డాడు.

లైబ్రేరియన్ నవల మూసి ఒళ్ళో పెట్టుకుంది.

*

ఆదివారం చెల్లెమ్మ కళ్ళు తెరిచింది. సోమవారం డాక్టర్ అయిదు నిమిషాలే అన్నాడు.

దవడలు వైరుతో కట్టేశారు. మాట్లాడలేదు. ఆడపడుచు తలగడ ఎత్తుచేసింది. భర్త పలక్కి బదులు క్యాలెండర్ అట్ట పట్టుకున్నాడు, దాని మీద కాగితం. చెల్లెమ్మ పెన్సిల్ తీసుకుంది. ఒక్కో అక్షరం దిద్దుతుంటే భర్త కళ్ళార్పకుండా చూశాడు.

మూడు కాగితాలు పట్టింది. ఎస్సై వరసగా చదువుకున్నాడు.

గంజి పొడి డబ్బాల కింద పరిచిన పాత కాగితాల్లో ఒకటి ఆమె చదివింది. ప్రభుత్వ ముద్ర ఉంది. లాండ్రీలో బాయిలర్ వాడొద్దనీ, వాల్వు పాడైందనీ ఇన్‌స్పెక్టర్ ఇచ్చిన నోటీసు. ఫిబ్రవరిలో ఆ బాయిలరే పేలి అక్కడ పనిచేసే పాతికేళ్ళ పిల్ల చనిపోయింది. బాయిలర్ పాడైందని మాకు ఎవరూ ముందు చెప్పలేదు, ఆ పిల్లే వాల్వు తప్పు తిప్పింది అని యజమాని అప్పట్లో పోలీసులకి చెప్పాడు. కేసు మూసేశారు. సోమవారం అందరూ వెళ్ళాక చెల్లెమ్మ అతన్ని నిలదీసింది. కాగితం ఇవ్వమన్నాడు. ఇవ్వనంది. కొట్టాడు. ఆమె బట్టలు జాడించే తొట్టి మీద పడింది. నోట్‌బుక్ నీళ్ళలో పడింది. తర్వాత ఏమీ తెలియదు.

"నోటీసు ఎక్కడుంది?" అడిగాడు ఎస్సై.

చెల్లెమ్మ రాసింది. తన ఇస్త్రీ బల్ల మీద పరిచిన కంబళి, రెండో మడతలో.

అక్కడే దొరికింది.

ఆ మధ్యాహ్నం లైబ్రేరియన్ మంచం పక్కన కూర్చుని ఉన్నమాట చెప్పేసింది.

"నీ రాతేనని సంతకం పెట్టింది నేనే. నా మాట నమ్మి వెతకడం ఆపేశారు. నిన్ను గుర్తుపట్టేవాళ్ళు లేక ఇక్కడ ఒంటరిగా పడి ఉన్నావు. ముందురోజే ఆలోచించి ఉంటే..."

చెల్లెమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. క్షమించానని గానీ లేదని గానీ ఏమీ రాయలేదు. తర్వాత పెన్సిల్ అందుకుంది.

"ఆ పిల వాళమకి చెపావా అకా?"

*

మంగళవారం మూడున్నర బస్సు.

చనిపోయిన అమ్మాయి తల్లి ఇల్లు ఊరి చివర, రంపపు మిల్లు వెనక. ఒకటే గది. ఆమె తలుపు సగమే తెరిచింది.

"లాండ్రీ వాళ్ళ తరఫునా?"

"కాదమ్మా. లైబ్రరీ నుంచి. ఒక కాగితం తెచ్చాను. మీరు వినాలి."

"నాకు చదువు రాదు."

"నేను చదువుతాను."

ఇద్దరూ గుమ్మంలోనే కూర్చున్నారు. లైబ్రేరియన్ నోటీసు నకలు విప్పింది. మొదటినుంచి చదివింది. సేఫ్టీ వాల్వు పనిచేయడం లేదు. మరమ్మతు అయ్యే వరకు ఈ బాయిలర్ వాడరాదు. వాడితే ప్రాణాపాయం. నోటీసు అందినట్టు యజమాని సంతకం. తేదీ, జనవరి ఇరవై ఒకటి.

తల్లి వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టుకుంది. ఒకసారి అయిపోయాక మళ్ళీ మొదలుపెట్టింది.

"మా పిల్ల పోయింది ఫిబ్రవరి తొమ్మిదిన."

"అవునమ్మా."

"దాని తప్పేనన్నారు. అందరూ అన్నారు. నేనూ అన్నాను. శవం ముందు కూర్చుని తిట్టాను దాన్ని, చూసుకోవద్దటే అని."

ఆమె చెంగుతో చేతులు తుడుచుకుంది. కాగితం మీద తేదీ ఉన్న చోటు అడిగి తెలుసుకుని, అక్కడ వేలు పెట్టింది.

"ఇంకోసారి చదువమ్మా," అంది. "ఈ తేదీ ఒక్కటి."